అమ్మమ్మ అర కిలోమీటరు

జూన్ 16
ఉత్తరం నం. 1, రెండు పుటలు

తొందరా,

ఆశీస్సులు. నిన్ను ఈ పేరుతో పిలవడం మీ అమ్మకి నచ్చదు. ఇరవై తొమ్మిదేళ్ళు వచ్చి, పిల్లలకి లెక్కలు చెప్పుకుంటున్న మనిషికి ఇంకా ఆ పేరేమిటంటుంది. ప్రశ్న పూర్తిగా వినకుండా చెయ్యెత్తే అలవాటు ఎప్పుడు పోతే అప్పుడు మారుస్తానన్నాను.

నువ్వు కొత్త బడిలో చేరి పన్నెండు రోజులైంది. ఇప్పటికి మూడుసార్లు ఫోను చేశావు. ఫోను వద్దు. ఫోనులో అన్న మాటకి దాఖలా ఉండదు. రేపు నువ్వు అనలేదంటావు, నేను విన్నానంటాను. ఉత్తరం రాయి, తారీఖు వేయి. నేను నంబరు వేసి దాచుకుంటాను.

ఇక్కడ అంతా సక్రమంగా ఉంది. నా నడక పదకొండో నెలలో పడింది. ఇంటి నుంచి గుట్ట మీది గ్రంథాలయానికి రెండు కిలోమీటర్లు. ఎక్కేటప్పుడు గంటకి మూడు కిలోమీటర్ల వేగం, నలభై నిమిషాలు. దిగేటప్పుడు గంటకి ఆరు, ఇరవై నిమిషాలు. సగటు నాలుగున్నర. రోజూ పుస్తకంలో వేస్తున్నాను. కింది వాటాలో ఉండే టైలరుగారు చదును రోడ్డు మీద నడుస్తారు. ఆయన సగటు నాలుగు పాయింటు రెండు. డెబ్బై నాలుగేళ్ళదాన్ని, గుట్ట ఎక్కి దిగి కూడా ఆయన్ని దాటానని మెట్ల దగ్గర కనబడినప్పుడల్లా గుర్తు చేస్తుంటాను. ఆయన తల ఊపి, మెడలో టేపు సర్దుకుని లోపలికి వెళ్ళిపోతారు. ఓటమి ఒప్పుకునే పద్ధతి అలా ఉండాలి.

ఇక అసలు సంగతి. మీ క్లాసులో పిల్లలకి తలా ఒక ట్యాబ్ ఇచ్చారని మీ అమ్మ చెప్పింది. నిజమేనా? అయితే లెక్క ఎవరు చేస్తున్నారు, పిల్లలా, ట్యాబా? వివరంగా రాయి.

అమ్మమ్మ


జూన్ 27

అమ్మమ్మా,

ఇదిగో, తారీఖు వేశాను. నంబరు నువ్వు వేసుకో.

మా ఏడో తరగతి రెండో అంతస్తులో చివరి గది. కిటికీ కింద వడ్రంగి షాపు. రంపం మోగినప్పుడల్లా నేనూ ముప్ఫై ఇద్దరు పిల్లలూ నోళ్ళు మూసుకుని కూర్చుంటాం. రంపం ఆగగానే అందరం ఒకేసారి మొదలెడతాం.

ట్యాబులు నిజమే. లెక్క మాత్రం పిల్లలే చేస్తారు. నేనొక ప్రశ్న పంపిస్తాను. వాళ్ళు బొమ్మ గీస్తారో, రాస్తారో, గొంతు రికార్డు చేస్తారో వాళ్ళిష్టం. జవాబొక్కటే పంపితే ట్యాబ్ తీసుకోదు, అచ్చం నీలాగే. కాకపోతే చెవి మెలిపెట్టదు, "ఎందుకు?" అని అడుగుతుంది. ఎవరెలా ఆలోచిస్తున్నారో అన్నీ నా తెర మీదికొస్తాయి. వాటిలో రెండో మూడో ఎంచి, పేర్లు దాచి, గోడ మీద చూపిస్తాను. పేర్లకి బదులు సామాన్ల పేర్లు పెట్టాను: పెన్సిల్, స్కేలు, జిగురు, క్లిప్పు... ఎవరు తప్పు చేశారో తెలియదు కాబట్టి ఎవరూ సిగ్గుపడరు. తప్పుని అందరూ కలిసి పీకి పాకం పెడతారు.

వెనక బల్లలో ఒక పిల్ల ఉంది. నోట్లో నాలుక లేదు. తన పేరు రబ్బరు. రాస్తుంది, చెరిపేస్తుంది, ఖాళీ పేజీ పంపిస్తుంది. ఏం చెరిపిందో, ఎన్నిసార్లు చెరిపిందో మాత్రం నా తెర మీద కనబడుతుంది. నిన్న పదకొండుసార్లు. ఆ పదకొండింటిలో ఒకటి సరైనది!

నేనైతే నిన్న నలభై ఐదు నిమిషాల్లో ఏది తప్పో ఏది ఒప్పో ఒక్కసారి కూడా చెప్పలేదు. ఎంత హాయిగా ఉందో!

ఒక్కటే బెంగ. నన్ను తాత్కాలికంగానే తీసుకున్నారు. నవంబరులో హెడ్‌మిస్ట్రెస్ మేడమ్ వచ్చి ఒక క్లాసు చూస్తారు. నచ్చితే ఉద్యోగం ఖాయం. లేకపోతే పెట్టె సర్దుకోవడమే. అప్పటికి పిల్లలు దారిలో పడతారనుకుంటున్నాను.

నీ తొందర


జూలై 5
ఉత్తరం నం. 2, ఒక పుట

తొందరా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి కూడా అలాగే ఉంది.

నలభై ఐదు నిమిషాలు ఏది తప్పో ఏది ఒప్పో చెప్పలేదా? చెప్పకపోగా హాయిగా ఉందా? ముప్ఫై ఒక్క ఏళ్ళు పాఠం చెప్పాను. ఒక్క పీరియడ్ కూడా తప్పుని గంట కొట్టేదాకా బతకనివ్వలేదు. పిల్లవాడు తప్పుతో ఇంటికి వెళ్తే ఆ తప్పు వాడి బుర్రలో కాపురం పెడుతుంది. తర్వాత ఖాళీ చేయించడం నీ వల్ల కాదు, నీ ట్యాబ్ వల్ల అసలే కాదు.

గణితానికి పద్ధతి ఉంటుంది. దత్తాంశం, సారాంశం, సాధన, జవాబు, కింద రెండు గీతలు. బొమ్మలు గీసుకోవడానికి వేరే పీరియడ్ ఉంది. ఇక పిల్లకి రబ్బరని పేరు పెట్టడం! రేపు వాళ్ళ అమ్మ వచ్చి అడిగితే ఏం చెబుతావు?

నవంబరు దాకా ఇలాగే సాగితే ఆ మేడమ్‌గారు వచ్చేసరికి క్లాసు చేతులు దాటిపోతుంది. నీ మంచి కోరి నేను చేయవలసింది చేస్తాను.

ఇక్కడ రెండు రోజులు వాన. నడక లేదు. పుస్తకంలో "వాన" అని రాశాను. టైలరుగారు గొడుగు వేసుకుని వెళ్ళొచ్చారు, అయినా నాలుగు పాయింటు రెండే.

అమ్మమ్మ


జూలై 15

అమ్మమ్మా,

నీతో వాదించే ధైర్యం చిన్నప్పుడే లేదు, ఇప్పుడెక్కణ్ణించి వస్తుంది? పైగా నువ్వు చేయవలసిందేమిటో కూడా అర్థం కాలేదు. ఇంకో ఉత్తరమేగా? రాయి, ఎన్నైనా చదువుతాను.

నీకొక సంగతి చెప్పాలి. నీ నడక లెక్క నిన్ను అడక్కుండానే క్లాసులో వాడుకున్నాను. నీ మొదటి ఉత్తరంలోంచి ఆ నాలుగు వాక్యాలు ఉన్నవి ఉన్నట్టు తెర మీద పెట్టాను. మూడు, ఆరు, సగటు నాలుగున్నర. కింద ఒకటే ప్రశ్న: "అమ్మమ్మగారితో మీరు ఒప్పుకుంటారా? ఎందుకు?"

మూడు రోజుల నుంచి పిల్లలు దాన్ని వదలడం లేదు. బెల్లయినా కదలడం లేదు. మధ్యాహ్నం మెట్ల మీద కూడా నీ గుట్ట గురించే కొట్టుకుంటున్నారు. నువ్వు కర్ర పట్టుకుంటావా, మధ్యలో కూర్చుంటావా, గ్రంథాలయంలో ఎంతసేపు ఉంటావు, అన్నీ కావాలి వాళ్ళకి. పెన్సిల్ అయితే నీకు మోకాళ్ళ నొప్పులున్నాయా అని కూడా అడిగాడు.

ఆ నాలుగున్నర నీకెలా వచ్చిందో వివరంగా రాస్తావా? వాళ్ళకి చూపిస్తాను.

నీ తొందర


జూలై 24
ఉత్తరం నం. 3, మూడు పుటలు (సాధన ఒక పుట జతపరచబడింది)

తొందరా,

చాలా సంతోషం. నా లెక్క నీ క్లాసుకి ఆదర్శంగా నిలవడం చూస్తే, నేను రిటైరైనా నా పద్ధతి రిటైరు కాలేదని తెలుస్తోంది. పిల్లలకి నా ఆశీస్సులు చెప్పు. కర్ర లేదు, మధ్యలో కూర్చోను, గ్రంథాలయంలో పేపరు చదివేంతసేపు ఉంటాను, ఆ సమయం లెక్కలోకి రాదు. మోకాళ్ళ గురించి అడిగినవాడికి అడ్డమైన ప్రశ్నలు వేయకూడదని చెప్పు.

సాధన విడిగా రాసి జతపరిచాను. దత్తాంశం: ఎక్కేటప్పటి వేగం మూడు, దిగేటప్పటి వేగం ఆరు. మొత్తం తొమ్మిది. సగం చేయగా నాలుగున్నర. కింద రెండు గీతలు. స్కేలు పెట్టి గీశాను. గోడ మీద చూపించేటప్పుడు ఆ గీతలు తెగకుండా చూడు.

నీ ఉత్తరం టైలరుగారికి కూడా వినిపించాను. దూరాన ఒక ఊళ్ళో ముప్ఫై రెండు మంది పిల్లలు నా వేగం గురించి చర్చిస్తున్నారని చెబితే, ఆయన కుట్టు ఆపి, కళ్ళజోడు పైకి నెట్టుకుని, "అలాగాండీ" అన్నారు. అంతకంటే ఏమనగలరు?

ఇంకొక మాట. నువ్వు దారిలో పడుతున్నావు కాబట్టి ఇప్పుడు చెప్పవచ్చు. జూలై 6న మీ హెడ్‌మిస్ట్రెస్‌గారికి ఒక ఉత్తరం రాశాను. మా మనవరాలు పీరియడ్ అంతా జవాబు చెప్పకుండా గడుపుతోందనీ, నవంబరు దాకా ఆగకుండా వెంటనే తనిఖీ చేసి సరైన మార్గంలో పెట్టవలసిందనీ కోరాను. నకలు నా దగ్గర ఉంది.

అమ్మమ్మ


ఆగస్టు 1

అమ్మమ్మా,

మేడమ్ నిన్న నన్ను గదిలోకి పిలిచారు. బల్ల మీద నీ ఉత్తరం. రెండు కిటికీల అవతలనుంచి చూసినా నీ చేతిరాత గుర్తుపడతాను. తనిఖీ నవంబరులో కాదట, ఆగస్టు 11న.

ఎవరి అమ్మమ్మ ఇలా చేస్తుంది? చెప్పు. ముప్ఫై ఇద్దరు పిల్లలు ఇప్పుడిప్పుడే నోరు విప్పుతున్నారు. రబ్బరు ఇంకా రాసిన పేజీ ఒక్కటి కూడా పంపలేదు. పది రోజుల్లో నేనేం చూపించాలి?

నేను లెక్కల టీచరుని ఎందుకయ్యానో నీకు తెలుసా? నిన్ను చూసి అనుకుంటావు అందరితోనూ. కాదు. నీ చివరి ఏడాది నేను నీ క్లాసులోనే ఉన్నాను. ఏడో తరగతి, అర్ధ సంవత్సరం పరీక్ష, ఆరో ప్రశ్న. తండ్రి వయసు కొడుకు వయసుకి నాలుగు రెట్లు, ఇద్దరి వయసులూ కలిపితే యాభై, ఎవరి వయసు ఎంత? నేను ఐదు గళ్ళు గీశాను. నాలుగు తండ్రికి, ఒకటి కొడుక్కి. యాభైని ఐదు గళ్ళలో సర్దాను. పది, నలభై. జవాబు సరైనదే. నువ్వు గళ్ళ మీద అడ్డంగా ఎర్రగీత కొట్టి "పద్ధతి లేదు" అని రాసి సున్నా వేశావు. ఆ గళ్ళు ఎందుకు గీశావే అని ఒక్కసారి అడిగి ఉంటే చెప్పేదాన్ని. పదిహేడేళ్ళయింది, ఇంకా చెప్పాలనే ఉంది. నా క్లాసులో ఎవరినైనా ముందు అడగాలని ఈ ఉద్యోగంలోకి వచ్చాను.

నీ నడక లెక్క ఆదర్శంగా పెట్టలేదు. మళ్ళీ చూసుకో. గంటకి నాలుగున్నర అన్నావు, నలభై, ఇరవై కలిపి గంటసేపు నడిచానన్నావు. రానూ పోనూ రోడ్డు ఎంత? మిగతా అర కిలోమీటరు ఎక్కడ?

సంతకం లేదు. దాఖలాకి చేతిరాత చాలు.


ఆగస్టు 8
ఉత్తరం నం. 4, ఒక పుట

మనవరాలికి,

నీ ఉత్తరం 5న అందింది. ఆరో ప్రశ్న గురించి తర్వాత రాస్తాను. ముందు అర కిలోమీటరు.

6న నడిచాను. ఎక్కడానికి నలభై, దిగడానికి ఇరవై. మొత్తం అరవై నిమిషాలు. రోడ్డు రానూ పోనూ నాలుగు కిలోమీటర్లు. నాలుగున్నర రావాలి. అర కిలోమీటరు తక్కువ.

గడియారం నెమ్మదిగా తిరుగుతోందేమోనని బాగుచేసేవాడికి చూపించాను. సెకను తేడా లేదన్నాడు. గ్రంథాలయం ముందున్న కిలోమీటరు రాయి తప్పేమోనని అక్కడి గుమాస్తాని అడిగాను. ఆ రాయి తాను పుట్టక ముందునుంచీ అక్కడే ఉందన్నాడు. 7న పాత చెప్పులతో నడిచాను. మళ్ళీ అరవై. ఇవాళ మళ్ళీ కొత్త చెప్పులతో. అరవై.

మెట్ల మీద టైలరుగారు కనబడి, "ఏంటండీ టీచరుగారూ, రోజుకో చెప్పులతో నడుస్తున్నారు?" అన్నారు. కొంగు సర్దుకుని పైకి వచ్చేశాను.

మూడు దోషాలకి అవకాశం ఉంది: గడియారం, రాయి, చెప్పులు. మూడూ పరిశీలించాను. నాలుగోది ఒకటి మిగిలి ఉంది. దాని గురించి ఇంకా ఆలోచిస్తున్నాను.

తనిఖీ నాడు చీర నలగకుండా చూసుకో. గొంతు పెంచకు. మీ మేడమ్‌గారికి ఇంకొక ఉత్తరం రాయాలని మూడుసార్లు కూర్చున్నాను. ఇంతకుముందు రాసినదానితోనే ఇంత అయింది గనుక చించేశాను.

అమ్మమ్మ


ఆగస్టు 14

అమ్మమ్మా,

నీ ఉత్తరం తనిఖీ రోజు పొద్దున్నే అందింది. బస్సులో చదివాను. రోజుకో చెప్పులు అన్న దగ్గర నవ్వొచ్చి పక్కావిడ కాలు తొక్కాను. కోపం సగం అక్కడే పోయింది. మిగతా సగం ఎలా పోయిందో విను.

మేడమ్ సరిగ్గా పది గంటలకి వచ్చారు. ఒక చేతిలో నీ ఉత్తరం, ఇంకో చేతిలో కలం. వెనక బల్లలో, రబ్బరు పక్కనే కూర్చున్నారు. చేతిలో ఒక ట్యాబ్ పెట్టాను. మిగిలిన పేరు గుండుసూది ఒక్కటే. అదే ఇచ్చాను.

నీ లెక్కే పెట్టాను. ఈసారి తెర మీద గుట్ట బొమ్మ కూడా. అందులో నువ్వొక చుక్కవి. వేలితో లాగితే నడుస్తావు, పక్కన గడియారం తిరుగుతుంది. నాలుగున్నర వేగంతో నడిచే ఇంకో అమ్మమ్మ చుక్కని కూడా పెట్టి, ఇద్దరినీ ఒకేసారి వదలమన్నాను. అసలు అమ్మమ్మ సరిగ్గా గంటకి ఇంటి గుమ్మంలో ఆగింది. నాలుగున్నర అమ్మమ్మ ఆగలేదు. "మిస్, అమ్మమ్మగారు ఇల్లు దాటి పోతున్నారు! ఆపండి!" అని స్కేలు అరిచాడు. గంట పూర్తయ్యేసరికి ఆవిడ అర కిలోమీటరు అవతలికి వెళ్ళి నిలబడింది. క్లాసు క్లాసంతా లేచి నిలబడింది.

సరిగ్గా అప్పుడు నా తెర మీదికి గుండుసూది జవాబు వచ్చింది. "మూడూ ఆరూ కలిపి సగం. నాలుగున్నర సరైనదే." పంపింది మేడమే! అయినా నేను ఏది తప్పో చెప్పే మనిషిని కాదుగా? పేరు దాచి గోడ మీద పెట్టాను. జిగురు వెంటనే, "పాపం, ఈ గుండుసూది కూడా అమ్మమ్మగారిలాగే పడిపోయాడు" అన్నాడు. క్లిప్పు, "వాడికి గడియారం చూడ్డం రాదేమో మిస్, నేను నేర్పిస్తాను" అంది. మేడమ్ ముఖం చూడ్డానికి నాకు ధైర్యం చాల్లేదు. వెనక నుంచి ఒక్కటే మాట వినిపించింది: "ఎందుకు పడిపోయాడో చెప్పండి మరి."

ఎవరూ చెప్పలేకపోయారు. నాలుగు అని అందరికీ తెలుసు, నాలుగున్నర ఎందుకు కాదో తెలియదు. కింద రంపం మోగింది. అందరం ఆగాం. అది ఆగేలోపల నా తెర మీద ఒక చిన్న మైకు బొమ్మ వెలిగింది. రబ్బరు.

నొక్కాను. మూడు గంటలసేపు గొంతు సవరించుకున్నట్టు అనిపించింది. తర్వాత ఇలా వినిపించింది: "అమ్మమ్మగారు మెల్లగా నలభై నిమిషాలు నడిచారు, జోరుగా ఇరవయ్యే నడిచారు. గంటని మూడు ముక్కలు కోస్తే రెండు ముక్కలు మెల్లగా, ఒక ముక్క జోరుగా. అందుకని మూడు, ఇంకో మూడు, ఆరు. మూడిటికీ పంచాలి. నాలుగు. అమ్మమ్మగారు తప్పు కాదు, రెండో మూడుని మర్చిపోయారు."

తన గొంతు అలా ఉంటుందని ఎవరికీ తెలియదు. తర్వాత గుండుసూది ట్యాబ్‌లోంచి ఒక పేజీ వచ్చింది: మూడు గళ్ళు గీసి ఉన్నాయి, మూడు, మూడు, ఆరు.

పీరియడ్ అయ్యాక మేడమ్ నీ ఉత్తరం బల్ల మీద పెట్టి అన్నారు: "మీ అమ్మమ్మగారు రాసింది అక్షరాలా నిజం. పీరియడ్ అంతా మీరు జవాబు చెప్పలేదు. నా రిపోర్టులో ఈ వాక్యమే రాస్తున్నాను, ఉద్యోగం ఖాయం చేయడానికి కారణం అన్న చోట." తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "గుండుసూది ఎవరో పిల్లలకి చెప్పకండి" అన్నారు.

నీ మనవరాలు
(ఈసారి సంతకం ఉంది)


ఆగస్టు 22
ఉత్తరం నం. 5, మూడు పుటలు (పాత జవాబు పత్రం ఒకటి జతపరచబడింది)

టీచరుగారికి,

ఉద్యోగం ఖాయమైనందుకు ఆశీస్సులు. మీ అమ్మ ఏడ్చింది. నేను ఏడవలేదు. నాకు వేరే పనులున్నాయి.

మొదటిది, నాలుగో దోషం నేనే. నీ ఉత్తరం రాకముందే 10న నాకు తట్టింది, కానీ ఎందుకో చెప్పమంటే చెప్పలేకపోయేదాన్ని. ఆ వెనక బల్ల పిల్ల చెప్పింది. నడక పుస్తకంలో రెండు వందల తొంభై ఎనిమిది చోట్ల నాలుగున్నర కొట్టి, ఎర్ర సిరాతో నాలుగు వేశాను. పూర్తవడానికి రెండు పూటలు పట్టింది.

రెండోది, మా ఇల్లు దాటి అర కిలోమీటరు వెళ్తే ఏముందో చూసి వచ్చాను. బస్సుల షెడ్డు ఉంది. ఆ నాలుగున్నర అమ్మమ్మ ఏడాదిగా రోజూ అక్కడిదాకా వెళ్ళి నిలబడుతోందన్నమాట. నేనూ కాసేపు నిలబడ్డాను. ఎవరికోసమమ్మా అని ఒక డ్రైవరు అడిగాడు. నా కోసమే అన్నాను.

మూడోది కష్టమైనది. టైలరుగారి తలుపు తట్టి, నా సగటు నాలుగేననీ, ఆయనదే ఎక్కువనీ చెప్పాను. ఆయన కుట్టు ఆపలేదు. "నాకు తెలుసండీ టీచరుగారూ. నాలుగు కిలోమీటర్లు గంటలో నడిచానని మీరే కదా రోజూ చెప్పేవారు. టేపు పట్టి బతికేవాణ్ణి, ఆ మాత్రం తెలీదా?" అన్నారు. ఏడాదిపాటు ఎందుకు చెప్పలేదన్నాను. "మెట్లెక్కేటప్పుడు మీ ముఖం చూసి చెప్పబుద్ధి కాలేదండీ" అన్నారు. వేలాడుతున్న ఒక చొక్కాకి గుండీ వదులుగా ఉందని చెప్పి వచ్చేశాను.

నాలుగోది ఆరో ప్రశ్న. ఆ పిల్ల గంటని మూడు ముక్కలు కోసిందని చదవగానే, కలం పక్కన పెట్టి ఇనుప పెట్టె తెరిచాను. నీ పేపరు ఉంది. నా చివరి ఏడాది పేపరు గనుక దాచాను, నీది గనుక అని అప్పట్లో నాకు నేనే ఒప్పుకోలేదు. ఐదు గళ్ళు చూశాను. యాభైని ఐదు ముక్కలు కోశావు. పద్ధతి ఉంది. నా పద్ధతి కాదు, అంతే. నేను గీసిన గీత ఆ గళ్ళ మీద నుంచి పోయి కాగితం చిరిగింది కూడా. అంత బలంగా ఎందుకు గీశానో అడిగే మనిషి ఆ రోజు నా క్లాసులో లేదు.

మిగతా పిల్లల పేపర్లు నా దగ్గర లేవు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఇలాంటి గళ్ళు ఎన్ని కొట్టేశానో లెక్క లేదు. నా దగ్గర లెక్క లేని సంగతి ఇదొక్కటే.

నీ పేపరు తిరిగి దిద్దాను. ఆరో ప్రశ్నకి నాలుగు మార్కులకి మూడున్నర. మొత్తం ఎనభై ఎనిమిది కొట్టి తొంభై ఒకటిన్నర చేశాను. తారీఖు వేసి సంతకం పెట్టాను. అర మార్కు కోత ఎందుకంటే, పది, నలభై అని రాశావు గాని సంవత్సరాలు అని రాయలేదు. దాని గురించి నాతో వాదించవద్దు. కావాలంటే పేర్లు దాచి ఆ గోడ మీద పెట్టుకో. ముప్ఫై ఇద్దరూ ఏమన్నారో రాయి. ముఖ్యంగా వెనక బల్ల పిల్ల.

చివరిది. ప్రశ్న పూర్తిగా వినకుండా చెయ్యెత్తే అలవాటు పోయిన రోజున నీ పేరు మారుస్తానని మీ అమ్మకి మాటిచ్చాను. నలభై ఐదు నిమిషాలు చెయ్యెత్తకుండా నిలబడ్డావు. కనుక ఆ పేరు ఈ రోజునుంచి ఖాళీ. మంచి పేరు, పారేయడం దేనికని నేనే తీసుకున్నాను.

ఇట్లు,
తొందర